తీగలు గుంజే మనిషి

ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో నేను కిరాయికి ఉంటున్న పోర్షన్‌కి ఈ మధ్య నేమ్ బోర్డు కావలసి వచ్చింది. కొరియర్ వాళ్ళు నా తలుపు గుర్తుపట్టలేక నా సామాను కిందింట్లో ఇచ్చిపోతుంటే ఓనరమ్మ గొణుగుతోంది. అందుకని ఒకరోజు షేర్ ఆటో ఎక్కి బస్టాండు వైపున్న అక్రిలిక్ షాపుకి వెళ్ళాను. చల్లటి ఏసీ గది. అద్దాల్లాంటి షీట్లు గోడకి ఆనించి నిలబెట్టారు. లోపల గదిలో మిషను దానంతటదే అక్షరాలు కోసుకుంటోంది. కౌంటరు వెనక ఒకమ్మాయి ఏదో నగల షాపు కోసం పెట్టె అతుకుతోంది. రెండు ముక్కలు ఆనించింది, సందులో జిగురు పారించింది, నీలం లైటు పట్టింది. అంతే, అతుక్కుంది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూనే ఆ పనంతా చేసేసింది. ఆ షీటు మందం బొటనవేలంత ఉంది. "ఇంత మందంది ఒక్కదానివే అతుకుతావా అమ్మా?" అని అడిగాను. "ఇంకెవరు కావాలి మేడం?" అని నవ్వింది. నా పేరు కాగితం మీద రాసిచ్చి బయటికొచ్చాను. మెట్ల మీద కాసేపు అలాగే నిలబడిపోయాను. ఆటోవాడు హారన్ కొట్టి పిలిచేదాకా నేనెక్కడికి పోవాలో గుర్తు రాలేదు.

మా నాన్న ఇల్లందులో బొగ్గుబాయి కార్మికుడు. మా క్వార్టరు చిన్నది, మనుషులం ఎక్కువ. పడుకుంటే ఒకరి కాలు ఇంకొకరి మీద పడేది. షిఫ్టు సైరన్లు, పంపు దగ్గర బిందెల కొట్లాటలు, సాయంత్రం ప్రార్థనలో అందరం తలా ఒక శ్రుతిలో పాడే కీర్తనలు, వీటి మధ్య పెరిగాను నేను. ఇంటర్ పాసయ్యాక డిగ్రీ చదవమని ఖమ్మంలో ఉన్న మా పెద్దనాయన దగ్గరికి పంపారు. ఆయన పేరు యోహాను, మా నాన్నకి సొంత అన్న. ఆయన కూడా కొన్నాళ్ళు బాయిలో పనిచేసి, చెవులు దెబ్బతిని బయటికొచ్చి, ఖమ్మంలో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని అక్రిలిక్ పని మొదలుపెట్టాడు. డాక్టర్ల పేరు పలకలు, చేపల తొట్లు, షాపుల్లో సామాను పెట్టుకునే డబ్బాలు చేసేవాడు. నన్ను దింపడానికొచ్చిన నాన్న సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాడు. పెద్దనాయన అన్నం వడ్డించాడు, ఇద్దరం తిన్నాం, ఆయన తన పళ్ళెం తనే కడిగి గోడవారగా బోర్లించాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు. చెవుల్లో ఏదో మోగుతున్నట్టుంటే అది నిశ్శబ్దమేనని తెలుసుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది.

పొద్దున్నే లేచి ఆయన ముందుగా కుంపటి రాజేసేవాడు. బొగ్గు మా నాన్న పంపించేది. ఆ పొగ వాసనొక్కటే నాకు మా ఇంటిని గుర్తుకు తెచ్చేది. టీ, తర్వాత ఒక కీర్తన. చెవులు సరిగా వినపడవు కాబట్టి రాగం దారితప్పి ఎక్కడికో వెళ్ళేది. నేను సరిచేయడానికి గొంతు కలిపితే నా నోటి కదలిక చూసి మెల్లగా సర్దుకునేవాడు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఆదివారం గుడి నుంచి వచ్చేటప్పుడు తెచ్చిన ఎండుచేపలు. అన్నీ ఆయనే వండేవాడు. పచ్చిపులుసులో ఉల్లిపాయలు నలిపి వేస్తున్నప్పుడు మాత్రం "మీ పెద్దమ్మ గిట్లనే ఏస్తది" అనేవాడు. చాలాకాలం దాకా ఆమె గురించి ఆయన తనంతట తాను అన్న మాట అదొక్కటే.

పెద్దమ్మ పేరు రాహేలు. చిన్నప్పుడెప్పుడో చూశానేమో, ముఖం గుర్తు లేదు. ఆమెది భద్రాచలం దాటాక చర్ల దారిలో అడవిని ఆనుకుని ఉన్న ఊరు. వాళ్ళమ్మకి పక్షవాతం వస్తే చూసుకోవడానికి వెళ్ళింది. నెల రోజులని వెళ్ళిన మనిషి ఆ ముసలామె పోయాక కూడా తిరిగి రాలేదు. పిల్లలు లేరు, అందువల్ల ఇద్దరి మధ్యా రాకపోకలకి నెపం కూడా లేకుండా పోయింది. పక్కింటి సుగుణమ్మని అడిగితే, "వాళ్ళు కొట్లాడుకున్నది నేనైతె సూడలే బిడ్డా. పోయిన్నాడు గుడ ఈయననే బస్సెక్కించి వచ్చిండు," అంది. ఒకసారి ధైర్యం చేసి పెద్దనాయన్నే అడిగాను.

"పెద్దమ్మ ఎప్పుడొస్తది పెద్దనాయనా?"

"వస్తది," అన్నాడు, ఆకురాయి ఆపకుండానే.

ఆ షెడ్డు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. రంపం కింద వేడెక్కిన అక్రిలిక్ ఘాటుగా, కొంచెం పుల్లగా ఉంటుంది. అతకడానికి వాడే క్లోరోఫారం తియ్యగా ఉంటుంది, ఎక్కువసేపు పీలిస్తే తల తిరుగుతుంది. అందుకే ఆ గోధుమరంగు సీసా మూత తీసేముందు రెండు కిటికీలూ తెరిచేవాడు. కానీ ఫ్యాను మాత్రం ఆపేసేవాడు, గాలి కొడితే మందు సందులోకి దిగకముందే ఆవిరైపోతుందని. నిజానికి అది జిగురు కాదు. నీళ్ళలా పల్చగా ఉంటుంది. రెండు ముక్కల అంచుల్నీ కాస్త కరిగించి, ఒకదానిలో ఒకటి కలిసిపోయేలా చేసి, తాను ఎగిరిపోతుంది. సరిగా కుదిరిన అతుకులో మధ్య గీత కూడా కనిపించదు. కుదరకపోతే బుడగలు, తెల్లటి మచ్చలు లోపలే చిక్కుకుని ఉండిపోతాయి. వాటిని తర్వాత ఎవరూ తీయలేరు.

సన్నటి షీటుకి ఒక్క మనిషి చాలు. రెండు ముక్కలు ఆనించి సిరంజితో అంచు వెంబడి మందు వదిలితే అదే లోపలికి పాకుతుంది. మందపాటి షీటు అలా కాదు. దాని బరువుకి రెండు ముక్కలూ ఒత్తుకుపోయి, మందు సగం దూరం కూడా పోదు. అందుకని ముందుగా ఆ సందులో వెంట్రుకంత సన్నటి రాగితీగలు అడ్డంగా పెట్టాలి. ఆ సన్నటి ఎడంలో మందు నిండుగా పారుతుంది. అంచులు మెత్తబడేదాకా ఆగాలి. ఆ తర్వాత ఒకరు పై ముక్క కదలకుండా పట్టుకుంటే, ఇంకొకరు తీగలు ఒక్కొక్కటిగా గుంజాలి. పై ముక్క తన బరువుతోనే దిగి కూర్చుంటుంది. తొందరపడి గట్టిగా నొక్కితే మందంతా బయటికి కారిపోయి అతుకు ఎండిపోతుంది. తీగ వంకరగా గుంజితే గాలి దూరుతుంది. అంతకుముందు ఆ తీగలు గుంజింది మా పెద్దమ్మే. పాత మోటారు చుట్టలోంచి తీసిన తీగల్ని చపాతీ కర్ర కింద దొర్లించి తిన్నగా చేసి, తన పాత జాకెట్టు గుడ్డలో చుట్టి పెట్టుకునేదట. ఆమె వెళ్ళాక పెద్దనాయన మందపాటి పని ఏదీ ఒప్పుకోలేదు. ఎవరైనా వస్తే, "గది ఇద్దరి పని, నేను ఒక్కణ్ణి," అని పంపించేసేవాడు.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా ఒక ఎండాకాలం సాయంత్రం తెల్లచొక్కా వేసుకున్న పాస్టరుగారొకాయన వచ్చాడు. చెమటతో తడిసిపోయి ఉన్నాడు. మంచినీళ్ళు తాగి విషయం చెప్పాడు.

"మా గుళ్ళ నిలబడి వాక్యం చెప్పే పుల్పిట్ మళ్ళ చెద తిన్నదయ్యా. అడివి పక్కన చెక్క నిలుస్తలేదు. మీరు అద్దమసొంటిది చేస్తరని విన్న. మా గుడి పండుగ ఆరాధనకు కావాలె."

పెద్దనాయనకి వినపడలేదేమోనని నేను గట్టిగా చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఏ ఊరన్నరు?"

పాస్టరుగారు ఊరు పేరు చెప్పాడు. అది మా పెద్దమ్మ ఊరు. పెద్దనాయన లేచి షెడ్డులోకి వెళ్ళి, అక్కడ పనేమీ లేకపోయినా కాసేపు నిలబడి వచ్చాడు.

"చేస్త," అన్నాడు.

పాస్టరుగారిని సాగనంపి వచ్చాక నన్ను పిలిచాడు. "బిడ్డా, నీ చేతులు వణుకుతయా?"

"వణుకవు పెద్దనాయనా."

"అయితె రా."

ఆ రోజు నుంచి మా ఇంట్లో మాటలు పెరిగాయి. ఎక్కువేం కాదు, అన్నీ పని మాటలే. కానీ నాకు అవే పండగలా ఉండేవి. అంచుని హాక్సా బ్లేడు వీపుతో ఎలా గీకాలో చూపించాడు. "మూలలు గుండ్రంగ కావొద్దు. గుండ్రమైతే గాలి ఆడ్నే దాక్కుంటది." అంచు మెరవాలని మంట చూపిస్తే ముచ్చటగా ఉంటుంది కానీ, అలా వేడి తగిలిన చోట మందు పడితే వెంట్రుకల్లాంటి పగుళ్ళు వస్తాయని, ఒక ముక్క మీద చేసి చూపించాడు. నా కళ్ళముందే ఆ పగుళ్ళు లోపల్లోపల పాకాయి. తీగ గుంజడం ముక్కల మీద నేర్పించాడు. చెవులు వినపడని మనిషి కాబట్టి నేను తీగ మీదికి తల వంచి నోటితో "ఒకటి, రెండు" అంటే ఆయనకి తెలియదు. నా భుజం వైపు చూసేవాడు. నేను ఊపిరి వదిలినప్పుడు తీగ గుంజుతానని ఆయనకి అలా తెలిసేది. కాలేజీలో నాకు స్నేహితులు లేరు. హాస్టలు పిల్లలు హాస్టలు పిల్లలతో, ఊళ్ళో పిల్లలు ఊళ్ళో పిల్లలతో ఉండేవాళ్ళు. సాయంత్రం ఆ షెడ్డులో ఒక మనిషి నా ఊపిరి కోసం ఎదురుచూస్తాడనేది ఆ సంవత్సరాల్లో నాకున్న ఒకే ఒక్క దగ్గరితనం.

హైదరాబాదు నుంచి మందపాటి షీటు లారీలో వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. కొలతలు కోసి, అంచులు సిద్ధం చేసి, ఒక మిగులు ముక్క అతికి చూస్తే అతుకంతా పాలు పోసినట్టు తెల్లబడింది. మందు ఎగిరిపోయేటప్పుడు అంచు చల్లబడుతుంది, ఆ చల్లదనానికి గాలిలోని చెమ్మ వచ్చి పట్టుకుంటుంది. ఇంకో ముక్క, అదీ తెలుపే. పండుగ దగ్గర పడుతోంది. రెండో షీటు తెప్పించే వ్యవధి లేదు. పెద్దనాయన రోజూ వాకిట్లోకి వచ్చి, చెయ్యి చాపి గాలిని పట్టుకుని చూసి లోపలికి వెళ్ళేవాడు. అన్నం సరిగా తినేవాడు కాదు. "కొంచెం తెల్లగుంటే ఏమైతది పెద్దనాయనా, ఊరోళ్ళకు ఏం తెలుస్తది?" అన్నాను ఒకరోజు.

"ఆమెకు తెలుస్తది," అన్నాడు.

అప్పటిదాకా నేను ఆ పుల్పిట్ గుడి కోసం చేస్తున్నామనే అనుకున్నాను.

వాన తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం ఎండ గట్టిగా కాసింది. ఆయన పొద్దుటినుంచే షెడ్డు తలుపులు మూసి లోపల కుంపటి పెట్టాడు. గోడలు, బల్ల, షీట్లు అన్నీ వెచ్చబడ్డాయి. సీసా మూత తీసేముందు నిప్పు బయటికి పోవాలి, ఆ విషయంలో ఆయన దేవుడి మాట కూడా వినేవాడు కాదు. కుంపటి వాకిట్లోకి చేర్చి, కిటికీలు తెరిచి, ముందు పలకకి పక్క రెక్క నిలబెట్టాం. తీగలు సర్దాను. ఆయన సిరంజి పట్టాడు. మందు సందులోకి దిగుతుంటే ఒక తడి గీత నిదానంగా ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చింది. ఎక్కడా తెగలేదు. ఆయన సిరంజి పక్కన పెట్టి రెండు అరచేతులూ పై ముక్కకి ఆనించి నా భుజం వైపు చూశాడు. ఊపిరి వదిలాను, మొదటి తీగ వచ్చింది. మళ్ళీ వదిలాను. చివరి తీగ బయటికొచ్చాక ఆ బరువైన పలక నిట్టూర్చినట్టు దిగి కూర్చుంది. అప్పటిదాకా అక్కడ కనపడిన గీత నా కళ్ళముందే లేకుండా పోయింది. దాంట్లోంచి అవతలి గోడ, గోడకున్న మేకు, మేకుకున్న ఆయన చొక్కా, అన్నీ స్పష్టంగా కనిపించాయి. పెద్దనాయన నా తలమీద చెయ్యి పెట్టాడు, ప్రార్థన చేసేటప్పుడు పెట్టినట్టు.

మిగతా అతుకులు కూడా ఎండ చూసుకుని అలాగే ముగించాం. బొంతల్లో చుట్టి, తాళ్ళు కట్టి, ఒక వ్యానులో వేసుకుని బయలుదేరాం. కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం వంతెన మీదికి వచ్చేసరికి గోదావరి ఎర్రగా, ఒడ్డు నిండా పారుతోంది. ఆ తర్వాతంతా అడవి దారి. ప్రతి గుంతకీ పెద్దనాయన వెనక్కి తిరిగి బొంత మీద చెయ్యి వేసేవాడు. ఆ రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తలకి నూనె రాసుకున్నాడు. ఆయన్ని అలా నేనెప్పుడూ చూడలేదు.

గుడి చిన్నది, పెంకుల కప్పు. ఆరాధనలో కొన్ని పాటలు తెలుగులో, కొన్ని కోయ భాషలో పాడారు. ఆడవాళ్ళ వైపు పెద్దమ్మ ఎవరో నాకు ఎవరూ చూపించనక్కర్లేదు. అందరూ పాస్టరుగారిని చూస్తుంటే ఒకామె మాత్రం ఆయన ముందున్న పుల్పిట్ మూలల్నే చూస్తోంది. సన్నగా, పొడుగ్గా ఉంది, జుట్టు అప్పటికే నెరిసింది. ఆరాధన అయ్యాక అందరూ భోజనాలకి పందిట్లోకి వెళ్ళారు. పెద్దనాయన గోడ దగ్గర బొంతలు మడత పెడుతున్నాడు. మడతపెట్టినవే మళ్ళీ విప్పి మడత పెడుతున్నాడు. పెద్దమ్మ ముందుకొచ్చి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, వంగి, బొటనవేలి గోరు అతుకు మీద ఆనించి పైనుంచి కిందిదాకా గీసింది. తర్వాత చెంప ఆనించేంత దగ్గరగా వచ్చి పక్కనుంచి చూసింది.

"బుడగ లేదు," అంది.

"అవ్," అన్నాడు పెద్దనాయన. ఆమె నోటి కదలిక ఆయనకి బాగా అలవాటు.

"తీగలు ఎవరు గుంజిండ్రు?"

"సారమ్మ. తమ్ముని బిడ్డ."

ఆమె నా దగ్గరికొచ్చి నా రెండు చేతులూ తీసుకుని తిప్పి చూసింది. "మంచి చేతులు బిడ్డా," అంది. ఆ తర్వాత ఆయన వైపు తిరిగి, కానీ ఆయన ముఖం చూడకుండా, "ఇగ నీకు రంది లేదు. మనిషి దొరికింది గద," అంది.

ఆ మాటకి ఆయన ఏదో అంటాడని నేను చూశాను. ఆమె కూడా చూసింది. ఆయన చేతిలో బొంతని గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. చివరికి, "కింద అతుకు గుడ సూడు," అన్నాడు.

పెద్దమ్మ మోకాళ్ళ మీద కూర్చుని కింది అతుకు చూసింది. చాలాసేపు చూసింది. "గదిగుడ మంచిగనే ఉన్నది," అని లేచి, "అన్నం తినిపోన్రి," అని చెప్పి బయటికి వెళ్ళిపోయింది.

తిరుగు దారిలో భద్రాచలంలో టీ తాగాం. పెద్దనాయన గ్లాసు చేతిలో పట్టుకుని గోదావరి వైపు చూస్తూ, "మంచిగున్నదన్నది గద," అన్నాడు. నేను అవునన్నాను. ఖమ్మం చేరేసరికి పొద్దుగూకింది. ఆ ఇంట్లో నేను అడుగుపెట్టిన మొదటిరోజు విన్న నిశ్శబ్దం ఆ సాయంత్రం మళ్ళీ వచ్చింది. ఈసారి అది ఎవరిదో నాకు తెలుసు.

చదువయ్యాక నాకు తిరుమలాయపాలెంలో టీచరు ఉద్యోగం వచ్చింది. అక్కడే గది తీసుకున్నాను. సెలవులకి ఖమ్మం వచ్చినప్పుడల్లా పెద్దనాయన చిన్న చిన్న పేరు పలకలు చేసుకుంటూ కనిపించేవాడు. మా పుల్పిట్ చూసి చుట్టుపక్కల గుళ్ళవాళ్ళు చాలామంది వచ్చారట. ఎవరి పనీ ఒప్పుకోలేదట. "మనిషి లేదు అంటుండు బిడ్డా, నేను గుంజుత తియ్యి అన్నా గుడ ఇనలే," అని సుగుణమ్మ చెప్పింది. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి ఏదో ఒకటి చెప్పేదాన్ని. నిజానికి సంబంధాలు వచ్చిన రోజుల్లో ఎవరూ గట్టిగా అడగలేదు, నేనూ గట్టిగా కాదనలేదు, అలా రోజులు గడిచాయి.

పెద్దనాయన నిద్రలోనే పోయాడు. కబురు అందుకుని పెద్దమ్మ బస్సులో వచ్చింది. సమాధి కార్యక్రమం అయ్యాక ఇంటికి తిరిగొచ్చి ఇద్దరం వంటగది గడప మీద కూర్చున్నాం. ఆమె ఏడవలేదు. తనే మొదలుపెట్టింది.

"గా దినం గుడికి సంచి సదురుకొని వచ్చిన బిడ్డా. పాస్టరమ్మ ఇంట్ల పెట్టిన. ఒక్కమాట అంటే మీ బండెక్కుదును. ఏమన్నడు? కింద అతుకు సూడుమన్నడు."

నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"ఆయననే అనాల్నని ఏమున్నది? నేను గుడ అనొచ్చు గద, వస్తున్న అని. నేను గుడ అనలే."

నాకు ఏం తోచిందో తెలియదు, ఆలోచించకుండా ఆమె చెయ్యి పట్టుకున్నాను. "నా దగ్గరికి రా పెద్దమ్మా. నాతోటి ఉండు. నాకెవరున్నరు?"

ఆమె నా వైపు తిరిగి, ఇంతకాలానికి ఎవరో తన పేరు సరిగా పలికినట్టు చూసింది. "అడిగినవు బిడ్డా," అంది. "గది సాలు. కని నాకు ఇప్పుడు గాడ్నే అలవాటైంది. పొద్దుగాల గుడి తలుపు నేనే తియ్యాలె. కోళ్ళున్నయి." మర్నాడు ఆమెని బస్సెక్కించి వచ్చాను.

ఇప్పుడు నేను రిటైరయ్యాను, ఆమె బాగా ముసలిదైంది. ఆదివారం సాయంత్రాలు ఫోను చేస్తాను. ఒకప్పుడు ఆ ఊరికి ఒక మాట చేరాలంటే మనిషి పోవాలి, లేకపోతే ఎవరైనా వచ్చేదాకా ఆగాలి. ఆ కాలంలో మా వాళ్ళకి చెప్పడానికి బోలెడుండేది, చెప్పలేదు. ఇప్పుడు వేలు తాకిస్తే చాలు ఆ అడివి పక్క ఇంట్లో గంట మోగుతుంది, మాకు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. అన్నం తిన్నావా, వాన పడిందా, కాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి. అవి రెండు నిమిషాల్లో అయిపోతాయి. తర్వాత ఇద్దరం ఊరుకుంటాం. అటువైపు కోళ్ళ అలికిడి, ఎవరో దారిలో కోయలో మాట్లాడుకుంటూ పోవడం వినిపిస్తాయి. ఇటువైపు నా వీధిలో స్కూటర్ల చప్పుడు ఆమెకి వినిపిస్తుంది కాబోలు. ఎవరమూ ఫోను పెట్టెయ్యం. సిగ్నలు పోయిందేమోనని అనుమానమొచ్చి కాసేపటికి ఆమే అడుగుతుంది.

"ఉన్నవా బిడ్డా?"

"ఉన్న పెద్దమ్మా."